పూజనాడు ఆపని లేజరు

ఆయుధపూజ రోజున పల్నాడులో ఏ మిషనూ పని చెయ్యదు. ట్రాక్టరు మొదలుకొని కుట్టుమిషను దాకా అన్నిటినీ తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆ పూటకి విశ్రాంతి ఇచ్చేస్తారు. నరసరావుపేట శివారులోని ఆ ఇంజనీరింగు కాలేజీలోనూ పొద్దున్నే ల్యాబులన్నీ ఆపేశారు. ఒక్క హాసిని లేజరు తప్ప.

హాసిని అక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. ఆ లేజరు అగ్గిపెట్టెంత కూడా ఉండదు గానీ మహా మొండిఘటం. కంటికి లీలగా ఎర్రగా తప్ప కనపడని కాంతిని ఇనుము మీద రంగు మాడిపోయేంత జోరుగా చిమ్ముతుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే ఒక్క రంగు మీద నిలవదు, ఇరుగు పొరుగు రంగులన్నిటినీ కలిపి వెదజల్లుతుంది. అందుకని దాని ముందు సన్నటి గీతలున్న అద్దం ఒకటి నిలబెడతారు. గ్రేటింగు అంటారు దాన్ని. అది కావలసిన రంగును మాత్రం వెనక్కి లేజరులోకే పంపిస్తుంది. అలా పంపగా పంపగా ఆ మొండిది ఆ ఒక్క రంగుకే లొంగుతుంది. అప్పుడు ఆ కాంతిని కొలిచే స్క్రీను మీద గుట్టలా ఉన్న గీత సూదిలా సన్నబడుతుంది.

ఆ అద్దం వెంట్రుకవాసి కదిలినా పనంతా మళ్ళీ మొదటికొస్తుంది. నెలల తరబడి దాని వెంటపడితే నిన్న సాయంత్రమే కుదిరింది. రేపు బయటి నుంచి పరీక్షించేవాళ్ళు వస్తున్నారు. ఇప్పుడు ఆపితే చల్లబడుతుంది, చల్లబడితే అద్దం జరుగుతుంది. హెచ్‌ఓడీ సుబ్బారావుగారికి చెబితే ఆపమంటారు. కాబట్టి హాసినమ్మగారు ఎవరికీ చెప్పకుండా నల్లమూత కప్పేసి కింద పూజకి వెళ్ళింది. మూత తీస్తే లేజరు దానంతటదే ఆగిపోవడానికి ఒక స్విచ్చుంది. అది పనికి అడ్డమొస్తోందని ఎప్పుడో టేపు వేసి నొక్కిపెట్టేసింది కూడా.

పులిహోర పొట్లంతో తిరిగొచ్చేసరికి తలుపు తీసి ఉంది. లేజరు నడుస్తోందని హెచ్చరించే తలుపు మీది ఎర్రబల్బును ఎవరో కట్టిన బంతిపూల దండ మూసేసింది. లోపల అటెండరు వెంకటరమణమ్మ కర్పూరం వెలిగిస్తోంది. నల్లమూత కింద నేల మీద ఉంది. లేజరు పెట్టెకి పసుపూ కుంకుమా, దాని ముందు తళతళలాడే స్టీలు పళ్ళెం. స్క్రీను మీద సూది లేదు, గుట్ట ఉంది.

అయ్యో నా గీత, అనుకుంది హాసిని. ముందు తలచుకుంది దాన్నే, మనిషిని కాదు. గోడకి తగిలించిన రక్షణ కళ్ళజోడు వైపు చూడనైనా చూడకుండా పరుగున వెళ్ళి, అద్దం మీద కుంకుమ పడిందేమోనని వంగి చూసింది. ఎర్రగా ఏదో తళుక్కుమంది. కర్పూరం వెలుగనుకుంది. అప్పటికి గానీ బుద్ధి రాలేదు. గభాలున తాళం తిప్పి లేజరు ఆపింది.

అసలు భయం అప్పుడు పట్టుకుంది.

"పిన్నీ, దీంట్లోకి తొంగి చూశావా?"

"చూడకుండా బొట్టెట్టా పెడతానమ్మా? ఇయ్యాల మిషన్లన్నీ ఆపేస్తారుగా."

హాసినికి తెలుసు. ఈ కాంతి కంట్లో పడితే నొప్పి ఉండదు, నీరు కారదు. లోపలి పొర మాడిపోతుంది, అంతే, మాడింది మళ్ళీ రాదు. ఆ మనిషి కళ్ళు తనవల్ల పోతే ఏ మొహం పెట్టుకుని బతకాలి? వెంకటరమణమ్మను రెక్క పట్టుకుని గోడ మీది క్యాలెండరు ముందు నిలబెట్టింది. ఒక కన్ను మూసి తేదీలు చదవమంది. ఈ పిల్లకి ఏమయిందోనని చూస్తూనే ఆమె ఒక్కొక్కటీ చదివింది. రెండో కన్ను మూసి చదివింది. ఒక్క అంకె కూడా తప్పలేదు.

ఎటు నిలబడి బొట్టు పెట్టావని అడిగితే, ఫ్యాను గాలికి కర్పూరం ఆరకుండా అడ్డంగా, పెట్టె వెనక వైపు నిలబడ్డానంది. కాంతి వచ్చేది ముందు వైపు. పళ్ళెం మీద పడి పైకి లేచినా ఆమె వైపుకి రాదు. హాసినికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

"నా కళ్ళు చానా మంచియ్యేలే. ఏదీ, నువ్వు చదువు చూద్దాం," అంది వెంకటరమణమ్మ ఆటపట్టిస్తూ.

హాసిని కూడా నవ్వుతూనే లేచి ఎడమ కన్ను మూసుకుంది. పదిహేను వైపు చూసింది. పద్నాలుగు ఉంది, పదహారు ఉంది. పదిహేను లేదు. పదహారు వైపు చూసింది. ఈసారి పదిహేను వచ్చింది, పదహారు పోయింది. కన్ను నులుముకుని మళ్ళీ చూసింది. ఏ అంకె వైపు చూస్తే ఆ అంకె లేదు.

ఇందాక తళుక్కుమన్నది కర్పూరం వెలుగు కాదు.

"ఏందమ్మా, ఆగిపోయావు?"

హాసిని చెయ్యి అలాగే కంటి మీద ఉంది.

"సుబ్బారావు సార్ని పిలువు పిన్నీ," అంది. "లేజరు నేను ఆపలేదని చెప్పు."