పదకొండు ఫొటోల కూత

పోయిన ఏడాది గువ్వల కూతల పోటీలో ఎయాంగ్ పవిరో గువ్వ నోరు మూయించింది నేనే.

ఎయాంగ్ అంటే మా భాషలో తాతగారు; ఆయన గువ్వ పేరు రిరిస్. పోటీలో పంజరాలను వెదురు కొక్కేలకు చేతికి అందే ఎత్తులో వేలాడదీస్తారు. న్యాయనిర్ణేతలు కింద నిలబడి చెవి ఒగ్గి వింటారు. బాగా కూసిన పిట్ట కింద చిన్న జెండా గుచ్చుతారు. కూతలో ఒక్కో విరుపును దెబ్బ అంటారు, మంచి కూతకు ఐదు. రిరిస్ రెండు దెబ్బలు కూసి మూడోది అందుకోబోతుండగా నా కెమెరా ఠక్కుమంది. అది లోపలి అద్దం లేచి పడే చప్పుడు. పదేళ్లుగా మోస్తున్న కెమెరా కావడంతో నాకు ఆ చప్పుడు వినబడటమే మానేసింది. పిట్టకు వినబడింది. మిగిలిన కూత మింగేసి, మెడ లోపలికి లాక్కుని కూర్చుంది. ఆ పూట మళ్లీ నోరు విప్పలేదు.

ఆ సాయంత్రమే గువ్వల సంఘం పెద్ద, మేం గౌరవంగా పాక్ అని పిలిచే జుమాది కొత్త నియమం పెట్టాడు. మైదానం చుట్టూ తాడు, కెమెరాలు తాడు బయట. దానికి 'వెనింగ్ తాడు' అని నా పేరు పెట్టింది కూడా ఆయనే.

ఎయాంగ్ నన్ను ఒక్క మాట అనలేదు. నలభై ఏళ్లు కొలిమి దగ్గర కంచు గంటలు సుత్తితో కొట్టి చేసిన మనిషి. అప్పటికే చెవులు మందగించాయి. ఈ వానాకాలానికి పూర్తిగా మూసుకుపోయాయి. అంటే పోయిన ఏటి పోటీయే ఆయన చెవులతో విన్న చివరి పోటీ. అందులో ఆయన పిట్ట కూతను సగంలో తుంచింది నేను. 

ఈ ఏటి పోటీకి పది రోజుల ముందు ఆయన నన్ను ఇంటికి పిలిపించారు. వాకిట్లో ఆయన కూతురు సుర్తి అక్క గువ్వలకు గింజలు చెరుగుతోంది. వినబడనివాళ్లందరిలాగే ఆయనా అరిచి మాట్లాడతారు.

"అమ్మాయ్, నీకు అబద్ధం చెప్పడం రాదట. నిజమేనా?"

తల ఊపాను.

"అయితే చెప్పు. రిరిస్ ఎలా కూస్తోంది?"

దెబ్బలు లెక్కపెట్టే చెవి కాదు నాది.  సుర్తి అక్క వైపు చూశాను. ఆవిడ చటుక్కున బొటనవేలు పైకెత్తింది.

"చూశావా? దీన్నడిగితే బొటనవేలు. పక్కింటివాణ్నడిగితే బొటనవేలు. జుమాదినడిగితే రెండు బొటనవేళ్లు. ఊళ్లో ఇన్ని బొటనవేళ్లున్నాయని నా చెవులు పోయాకే తెలిసింది!"

సుర్తి అక్క పలక మీద రాసి చూపించింది: 'పోటీలో జెండాలు పడతాయిగా నాన్నా.'

"జెండాలు గుచ్చేవాళ్లందరికీ గువ్వల పెంపకం నేర్పింది నేనే. నా తెల్లజుట్టు చూసి గుచ్చుతారు." ఆయన నా వైపు తిరిగారు. ఈసారి అరవలేదు. "దాని గొంతు ఫొటోల్లో చూపించమ్మా నాకు. కూత మొదట్నుంచి చివరిదాకా. అది ఇంకా ఐదు దెబ్బలూ కూస్తోందో లేదో నా కళ్లతో నేను తెలుసుకోవాలి. అందరూ జాలిపడి అబద్ధాలు చెబుతుంటే బతకడం కష్టంగా ఉంది."

నా కెమెరాతో అది జరిగే పని కాదు. జోగ్జా పట్నం వెళ్లి మా చిన్నమ్మ కొడుకు గాలిహ్‌ను అడిగాను. వాడి చేతిలోని కెమెరా సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దది.

"ఇందులో అద్దం లేదక్కా."

"మరి చూసేదెలా?"

"లోపల చిన్న టీవీ ఉంటుంది."

"టీవీలో చూసి ఫొటో తీయడమేమిట్రా?"

"నీదేమో రోలు. దాన్ని మోసి మోసి నీ భుజం ఒకవైపు వంగిపోయింది, అద్దంలో చూసుకున్నావా ఎప్పుడైనా?"

చేతిలోకి తీసుకుంటే నా చిటికెనవేలికి చోటే లేదు, గాల్లో వేలాడింది. బొమ్మలా ఉందనుకుంటూ కన్ను ఆనించాను. వంటింట్లో చిన్నమ్మ సోయాగింజల తెంపే ముక్కలు వేయిస్తోంది. కెమెరా మీది చక్రం అటు తిప్పితే వంటిల్లు చీకటయింది. ఇటు తిప్పితే నూనె పొగలోని వెలుతురు తెల్లగా పొంగింది. మళ్లీ కొంచెం వెనక్కి తిప్పితే చిన్నమ్మ చెంప మీద మంట రంగు సరిగ్గా కుదిరింది. ఇంకా తీయని ఫొటో ముందే కనిపిస్తోంది. పదేళ్లుగా నా పని తీయడం, దించి చూసుకోవడం, మొహం చిట్లించి మళ్లీ తీయడం. అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. "అక్కా, తెంపే మాడిపోయింది, ఇక దించు" అన్నాడు గాలిహ్.

పోటీ రోజు పొద్దున్నే తాడు దగ్గర పాక్ జుమాది అడ్డం నిలబడ్డాడు.

"ఏమ్మా వెనింగ్, నీ తాడు దగ్గరికి నువ్వే వచ్చావా?"

కెమెరా చూపించాను. ఆయన దాన్ని పుచ్చకాయలా తట్టి చూసి, చెవికి ఆనించుకున్నాడు.

"ఊఁ, కొట్టు."

నొక్కాను.

"కొట్టమ్మా."

"కొట్టాను పాక్."

"పనిచేస్తోందా ఇది?"

నాకే తెలియలేదు. పక్కనున్నవాళ్లు నవ్వారు. "చెవుల్లేని ముసలాయనకు నోరు లేని కెమెరా! సరిపోయింది పో" అంటూ పాక్ జుమాది తాడు పైకెత్తాడు.

రిరిస్ పంజరానికి మూరెడు దూరంలో నిలబడ్డాను. ఇంత దగ్గరగా పోటీలో ఏ పిట్టనూ చూడలేదు. కెమెరా లోపలి తెర మీద దాని కంటి చుట్టూ ఒక చిన్న గడి వెలిగింది. పిట్ట తల తిప్పితే గడీ తిరిగింది. అది మెడ చాచింది. బటన్ నొక్కాను.

చేతిలో అదురు లేదు. చప్పుడు లేదు. తీస్తోందా లేదా? వేలు తీస్తే అయిపోయిందన్న నమ్మకం లేక, అలాగే నొక్కి పట్టుకున్నాను. నా పాత కెమెరాలో ఫొటో పడే క్షణంలో అద్దం లేచి కంటికి చీకటి కమ్మేది. అంటే తీసిన ఏ క్షణాన్నీ నేను చూసి ఎరగను. ఇప్పుడు చీకటి రాలేదు. రిరిస్ గొంతు ఉబ్బడం, ఈకల అంచులు విడిపోయి కింద తెల్లటి నూగు బయటపడటం, గొంతు అణిగి మళ్లీ నిండటం, అంతా చూస్తూనే ఉన్నాను. చివరి దెబ్బ 'కుంగ్' కూడా మొదటిసారి పూర్తిగా విన్నాను. ఇన్నేళ్లూ దాని మీద నా ఠక్కు పడేది. నీళ్లలో ముంచి తీసిన గంటలా ఉంది ఆ మోత. 

ఆగకుండా నాలుగు కూతలు. రిరిస్ ఒక్కసారీ బెదరలేదు. దాని కింద పచ్చజెండా పడింది. ఐదు దెబ్బలకు ఇచ్చే జెండా అది.

బయటికొచ్చి చూసుకుంటే నాలుగు వందల పైచిలుకు ఫొటోలు. కెమెరా అలాగే తెచ్చి ఎయాంగ్ చేతిలో పెట్టి, చక్రం ఎలా తిప్పాలో చూపించాను. మొదట నెమ్మదిగా తిప్పారు. తర్వాత గబగబా. తెర మీద గొంతు నిండింది, అణిగింది, నిండింది. ఆయన కుడిచేతి వేలు మోకాలి మీద దెబ్బ వేయడం మొదలుపెట్టింది, కొలిమిలో గంట శ్రుతి చూసేవాడి వేలులా. ఒకటి. రెండు. మూడు. ఆగిపోయింది. వెనక్కి తిప్పి మళ్లీ చూశారు. రెండో కూత చూశారు. నాలుగూ చూశారు. 

"జుమాదీ!"

మైదానమంతా ఉలిక్కిపడింది. నాలుగు పంజరాల్లో కూతలు ఆగిపోయాయి.

పాక్ జుమాది పరుగెత్తుకొచ్చాడు. "అయ్యో, మెల్లగా ఎయాంగ్, మెల్లగా!"

"ఇటు రా. చూడు. మూడోదీ నాలుగోదీ కలిసిపోయాయి. మధ్యలో గొంతు అణగలేదు. నాలుగే దెబ్బలు. ఆ పచ్చజెండా ఎవరిచ్చారు?"

పాక్ జుమాది తెర చూశాడు, నన్ను చూశాడు, చివరికి నేల చూశాడు.

"తీసెయ్యి. నాలుగు దెబ్బల ఎర్రది గుచ్చు."

"పెద్దవారు మీరు..."

ఏమన్నాడో ఆయనకు వినబడదు. "తీసెయ్యమన్నానా!" అని మళ్లీ అరిచారు.

పాక్ జుమాది వెళ్లి పచ్చజెండా పీకి ఎర్రది గుచ్చాడు. సుర్తి అక్క కళ్లు తుడుచుకుంది. క్షమించమని పలక మీద రాయబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపి, కెమెరా తెర నా ముందు పెట్టారు. కూత చివరి దగ్గర గొంతు నిండిన ఫొటోలను ఒక్కొక్కటే తిప్పుతూ లెక్కపెట్టారు.

"తొమ్మిది... పది... పదకొండు. చూశావా? కుంగ్ ఇంకా పదకొండు ఫొటోలదాకా మోగుతోంది. మిగతా దెబ్బలు ఐదేసి ఫొటోలు కూడా లేవు. ముసలిదైంది, ఒక దెబ్బ పోగొట్టుకుంది. కానీ గంట మాత్రం పగల్లేదు."

ఆయన మళ్లీ మొదట్నుంచి తిప్పారు. తల మెల్లగా ఊగుతోంది. పిట్టను కూతకు పురికొల్పేటప్పుడు వేసే చిటిక, ఆ చిన్న తెర ముందు వేశారు. గాలిహ్‌కు సాయంత్రానికల్లా కెమెరా తిరిగిస్తానని మాటిచ్చాను. ఆయన చేతిలోంచి ఎలా తీసుకోవాలో తెలియక పక్కనే కూర్చున్నాను.