ఏడో బైటు

సర్వేశ్వరరావు చూపుడువేలికి గుడ్డముక్క చుట్టి కీబోర్డు మీటల మధ్య చెమ్మ తుడుస్తున్నాడు. వానాకాలమంతా అరకులో అతని రోజు ఇలాగే మొదలవుతుంది. కిటికీ సందుల్లోంచి దూరిన మంచు తెల్లారేసరికి మీటల మీద చెమటలా పడుతుంది. తుడిచిన గుడ్డని ఊచకి ఆరేసి, ఫ్లాస్కులోని టీ గ్లాసులోకి వొంపుకుని కూర్చున్నాడు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. ముందుకు వంగిన భుజాలు, దారంతో మెడకి కట్టుకున్న కళ్లజోడు. ఎడమచెవి సరిగ్గా వినపడదు. ఇరవై ఏళ్లప్పుడు సాలూరు నుంచి ఈ వైర్‌లెస్ ఆఫీసులో ఆపరేటరుగా కొండెక్కాడు. ఏళ్ల తరబడి ఆ చెవికి హెడ్‌ఫోను నొక్కుకుని విన్నాడు. ఆ రోజుల్లో టకటక చప్పుడు వింటే చాలు, అవతల మీట కొడుతున్నది ఎవరో చెప్పేవాడు. ఒకరి వేలు బరువు, ఇంకొకరిది తొందర. ఆ సెట్లు మూలపడ్డాక ఎవరూ చెప్పకుండానే కంప్యూటరు ప్రోగ్రాములు రాసే సి భాష నేర్చుకుని కాంట్రాక్టు మీద అక్కడే మిగిలిపోయాడు. భార్య పోయి తొమ్మిదేళ్లు. కాపురం ఆఫీసు వెనకగదిలోనే.

ఫోను సిగ్నలు అందని పన్నెండు ఊళ్లలో పన్నెండు పెట్టెలున్నాయి. ఎంత వాన పడిందో గంటకోసారి రేడియోలో పంపుతాయి. పెట్టెకొక ఎర్రమీట. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే అది నొక్కాలి. ఆఫీసులో గంట మోగితే సర్వేశ్వరరావు ఆసుపత్రికి ఫోను చేస్తాడు. ఆకతాయిలెవరో దొంగ రేడియోతో రెండుసార్లు గంట మోగించి అంబులెన్సుని తిప్పాక, ఏది అసలో ఏది నకిలీయో తేల్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

అందుకని ప్రతి పెట్టెకీ ముప్ఫైరెండు బైట్ల రహస్య కీ ఒకటి ఇచ్చాడు. పెట్టె తన సందేశాన్నీ కీనీ కలిపి లెక్కకట్టి, వచ్చిన ముద్రని సందేశం చివర తగిలిస్తుంది. ఆఫీసు కంప్యూటరు తన దగ్గరున్న అదే కీతో అదే లెక్క కడుతుంది. రెండూ కలిస్తే సందేశం నిజం. కలవకపోతే చెత్తబుట్టలోకి పోతుంది, గంట మోగదు. హెచ్‌మ్యాక్ అంటారు దాన్ని. లెక్కంతా కట్టేది ఒక గూఢలిపి లైబ్రరీ, ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్ట. సర్వేశ్వరరావు రాసింది ఆ లైబ్రరీని పిలిచే నలభై వరసలే.

తెర మీద పదకొండు ఊళ్లు పచ్చగా ఉన్నాయి. బొడ్డమామిడివలస ఒక్కటీ బూడిదరంగులో ఉంది. పన్నెండు రోజుల నుంచీ అంతే. ముసురు పడితే సౌరపలక చార్జవక పెట్టె పడుకోవడం మామూలే కదా అనుకున్నాడు. కానీ ఐదారు రోజుల నుంచి కొండల మీద ఎండ కాస్తోంది.

పాత కీలన్నీ తను టైపు చేసిన అక్షరాలే. కిందటిసారి మాత్రం యంత్రం చేత పుట్టించి, తనే వెళ్లి పెట్టెల్లోకి ఎక్కించి వచ్చాడు. పన్నెండు రోజుల కిందట బొడ్డమామిడివలస వెళ్లినప్పుడు, అక్కడ పెట్టెని కనిపెట్టుకుని ఉండే గాసి, పొట్టిగా ఎండుకట్టెలాంటి మనిషి, పక్కనే నిలబడి అంతా చూశాడు.

"ఇది నొక్కితే మీకు ఇనిపిత్తాదా బాబూ?" అని అడిగాడు.

"వినిపిస్తుంది గాసీ."

మొదటి సందేశం ఆఫీసుకి చేరిందో లేదో రేడియోలో కనుక్కునేదాకా ఆగాల్సింది. ఊరికీ రోడ్డుకీ మధ్య వాగుంది. ఆ గెడ్డ పొంగుతుంది బేగి రమ్మని జీపు డ్రైవరు ఫల్గుణ కేకేస్తే దిగి వచ్చేశాడు.

ఎప్పుడూ చూడని చెత్తబుట్ట ఫైలు ఇవాళ తెరిచాడు. ఆ ఊరివే దాదాపు మూడొందల సందేశాలు. పెట్టె ఒక్క గంట కూడా నోరు మూయలేదు.

టీ చల్లారిపోయింది. పెట్టె పంపిన ముద్రనీ ఆఫీసు కట్టిన ముద్రనీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఎక్కడా పోలిక లేదు. లైబ్రరీకి నమూనా లెక్కలిచ్చి పరీక్షించాడు. అన్నీ సరిగ్గానే వచ్చాయి. భోజనం వేళ దాటాక, కీ పొడవెంతో తెర మీద చూపించమన్నాడు.

ఆరు, అంది.

ముప్ఫైరెండు ఉండాలి. యంత్రం పుట్టించిన ఆ కీలో ఏడో బైటు సున్నా. సి భాషలో అక్షరాల వరస సున్నా దగ్గర ముగుస్తుంది. కీ పొడవుని అతను అక్షరాలు లెక్కపెట్టినట్టే లెక్కపెట్టించాడు. పెట్టె ముప్ఫైరెండూ తీసుకుంది. ఆఫీసు ఆరు దగ్గరే ఆగిపోయింది. లైబ్రరీ తప్పేమీ లేదు. ఆరు బైట్లిచ్చి అడిగితే ఆరింటికి సరైన జవాబే చెప్పింది.

ఒక్క వరస మార్చాడు. పాత సందేశాలన్నీ మళ్లీ నడిపించాడు. నిజం, నిజం, నిజం అంటూ వరసలు కిందికి జారాయి.

అప్పుడు గంట మోగింది.

ఆగి, మళ్లీ మోగింది. మొత్తం తొమ్మిదిసార్లు. సోమవారం సాయంత్రం మూడు. మంగళవారం పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా ఆరు. ఎర్రమీట నొక్కిన పాత సందేశాలవి. చివరిది వచ్చి ఆరు రోజులు. ఆ తరవాత వాన అంకెలే తప్ప మీట లేదు.

జీపు గెడ్డ దాటేసరికి పొద్దు వాలుతోంది. నీళ్లు మోకాలి లోతున్నాయి. గాసి ఇంటి అరుగు మీద అతని భార్య సోములమ్మ చేటలో సామలు చెరుగుతోంది. సర్వేశ్వరరావుని చూసి చేట పక్కన పెట్టింది.

"గాసి..." అన్నాడు.

"పోయినాడు బాబూ. మంగళారం, మద్దేనం దాటినాక." చీరకొంగుతో చేతులు తుడుచుకుంది. "సలిజ్వరం. ముందు ఆడే ఎల్లి నొక్కొచ్చినాడు. మరి నేవలేకపోనాడు. అప్పుడు నాను నొక్కినాను. బాబుకి ఇనిపిత్తాది, వొచ్చెత్తారు అనుకుంట తొంగున్నాడు."

అతను చెప్పులు విడిచి అరుగు కింద నిలబడ్డాడు.

"మీరేటి సేత్తారు బాబూ? గెడ్డ పొంగిపోనాది గదా. ఎవులూ రానేకపోదురు."

సోమవారం పొంగిన మాట నిజమే. మంగళవారం తెల్లవారుజాము నుంచి వాన సున్నా. సున్నా, సున్నా, సున్నా. తొమ్మిదింటికల్లా జీపు దాటగలిగే నీళ్లే. ఆ అంకెలు ఈ ఊరి పెట్టెవేనని, ఎవరూ మార్చినవి కావని అతను మధ్యాహ్నమే తేల్చుకున్నాడు.

"గెడ్డ తగ్గింది సోములమ్మా. మంగళవారం పొద్దున్నే తగ్గింది. గంట మోగలేదు. నేను రాసినదాంట్లో తప్పుంది. మోగుంటే వచ్చేవాళ్లం."

దూరంగా ఫల్గుణ జీపు ఇంజను ఆపేశాడు.

"గెడ్డ తగ్గినాదని నాకూ అగుపడింది బాబూ," అంది సోములమ్మ. "పొంగినాదనే అనుకుని కూకున్నాను. ఆ మాట మరెందుకు సెప్పినారు?"

ఆమె చేట తీసుకుని లోపలికి వెళ్లింది. తలుపు వేయలేదు. మళ్లీ బయటికి రాలేదు.

సర్వేశ్వరరావు పెట్టె దగ్గరికి వాలు ఎక్కాడు. ఎర్రమీట ఒక్కసారి నొక్కాడు. అరకులో ఖాళీ గదిలో గంట మోగే ఉంటుంది. ఫల్గుణ వెనకే వచ్చి, పెట్టె పైకి చూస్తూ, "గాసిదే సార్. తడిసిపోద్దని దీనికి కట్టీసి, ఆడు ఉత్త తలతో తిరిగీవోడు," అన్నాడు.

అడ్డాకులు కుట్టిన పాత గిడుగు, వానకి నెత్తిన పెట్టుకునేది, నారతో మూడు చుట్లు బిగించి కట్టి, పెట్టె మీద సరిగ్గా ఎర్రమీట పైకి వాలి ఉంది.