ప్రియాంక పాటలో అమ్మ గొంతు

పొద్దున తొమ్మిదయింది. ఎండ లేదు, గట్టి వానా లేదు, ముసురు పట్టి ఉంది. తిరుమలగిరి అంగన్‌వాడీ ముందు చెప్పులు విడిచి, రోజారమణి నాలుగేండ్ల బిడ్డను లోపలికి తోసింది.

"నడువ్, మొద్దుదానా. నీ వెంట తిరిగే సరికి మగ్గం మీద పని మగ్గం మీదనే ఉంటాంది."

నలభై దాటినంక పుట్టిన బిడ్డ ప్రియాంక. అప్పటికే రోజారమణి ఓపిక అయిపోయింది.

లోపల యాస్మిన్ టీచర్ పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, రోజూ పాడించే పాటే పాడిస్తోంది.

గీ చెయ్యి నాది, గీ కాలు నాది,
నేనెట్ల ఉంటనో నేనే చెప్త.

పాట చివర ప్రతి పిల్లా తన గురించి ఒక మాట చెప్పాలి. ఆ మాట ఎవరు నేర్పితే వాళ్ళ గొంతే వస్తుంది. ఆ ఊళ్ళో అది మామూలే. ముస్తకీమ్ "నేను ఉషారు" అన్నాడు, వాళ్ళ తాత పీర్ మహమ్మద్ దగ్గుతో సహా. బడికి పోయేలోగా సొంత గొంతు పడితే సరే. పడకుంటే టీకొట్టు నరసింహ తీరే. యాభై ఏండ్లొచ్చినా "నేను" అంటే చాలు, చచ్చిపోయిన బాపు తిట్లే బయటికొస్తాయి. పెండ్లిచూపుల్లో కూడా నోరు విప్పలేక ఒంటిగాడిగానే మిగిలాడు.

ప్రియాంక వంతు వచ్చింది.

"నేను మొద్దుదాన్ని."

గుమ్మంలో నిలబడ్డ రోజారమణి గొంతే. అదే విసుగు.

పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులందరూ ఒకసారి ఆమెను చూసి చూపు తిప్పుకున్నారు. వాళ్ళలో గుర్వమ్మ మాత్రం ఊరుకోలేదు. "నీ గొంతు మస్తు గట్టిదమ్మా. నువ్వు ఇంటికాడున్నా ఈడ ఇనొస్తది."

రోజారమణికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "టీచరమ్మా, గా మాట జర దానితోని మాన్పియ్యరాదు?"

"నాతోని కాదక్కా. నువ్వొచ్చి కూసో. పాడు."

"గీ వయసులనా?"

"వయసుదేముంది? ఆడ జాగా ఉంది, కూసో."

పిల్లల నడుమ ముడుచుకొని కూర్చుంది. చెయ్యి చూపింది, కాలు చూపింది. చివర "నేను" అనగానే, ఏనాడో కాలం చేసిన కన్నతల్లి గొంతు వచ్చింది.

"అక్కరకు రానిదాన్ని."

ప్రియాంక దగ్గరికొచ్చి తల్లి నోటిని వింతగా చూసింది. "అమ్మా, గది నీ గొంతు గాదు."

"కాదు బిడ్డా. మా అమ్మది." తల వంచుకొని అన్నది, "మొద్దు అన్నది గూడ నా మాటనే. నీది గాదు."

ప్రియాంక మళ్ళీ మొదటినుంచి పాట ఎత్తుకుంది. ఈసారి సన్నగా, వేరే ఎవరిదీ కాని గొంతు.

"నేను ప్రియాంకను. నాకు అమ్మ చెయ్యంటే భయం."

సొంత గొంతు పడిందని యాస్మిన్ చప్పట్లు కొట్టింది. పిల్లలూ కొట్టారు. రోజారమణి తన చేతులు కొంగులో దాచుకుంది.

సాయంత్రానికి వాన దంచికొట్టింది. ఆమె గడపలో నిలబడి ఇల్లు చేరినవాళ్ళను లెక్కపెట్టుకుంది. దవాఖానకు పోయిన అత్త మల్లమ్మ వచ్చింది. నూలుకు రంగులద్దే షెడ్డు నుంచి మొగుడు దయాకర్ తడిసి వచ్చాడు. బిడ్డ లోపల తనలో తాను పాడుకుంటోంది. ఇంకొకరు మిగిలారు, తాను. "నేను" అనబోయి, ఎవరి గొంతు వస్తుందోనని ఆగింది. తర్వాత మెల్లగా అన్నది. బొంగురుగా, తాను ఎన్నడూ వినని గొంతు వచ్చింది.

నలుగురం, అనుకుంది.