లెక్కలో లేని రాక

పొద్దుగూకగానే నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో రోజూ వినిపించే కేకే వినిపించింది.

"స్టెఫీ బిడ్డా, నీ ఈగలొచ్చినయ్! తలుపు తియ్యి!" పక్క బాల్కనీలోంచి పోశవ్వ.

స్టెఫీ తలుపు తీసింది. ఆఫీసువాళ్లు గుర్తు కోసం గులాబీ పొడి అద్దిన పండు ఈగలు లోపలికొచ్చి, అమ్మ మెదక్ నుంచి పంపిన ఉయ్యాల తొట్లె తాళ్ల మీద బారుగా వాలి, ఖాళీ తొట్లెను ఊపసాగాయి. అన్నీ మగవే, సంతానం కలగకుండా చేసినవి. వాటితో జతకట్టిన ఆడ ఈగ పెట్టే గుడ్లలోంచి ఏదీ బయటికి రాదు. స్టెఫీ పనిచేసే గన్‌ఫౌండ్రీ ఆఫీసు వాటిని ఆబిడ్స్ పండ్ల బండ్ల దగ్గర వదులుతుంది. ఎన్ని వదిలితే మామూలు ఈగలు సున్నా అవుతాయో లెక్కగట్టేది స్టెఫీయే. కంప్యూటర్లో అవి ఎప్పుడో సున్నా అయ్యాయి. బండ్ల దగ్గర పెట్టిన ఉచ్చుల్లో మాత్రం పొడి లేనివి పడుతూనే ఉన్నాయి.

ప్రేమ్‌రాజ్ భార్యకు చాయ్ అందించి పక్కన కూర్చున్నాడు.

"పిల్లల హోం వాళ్లకు దత్తత సంగతి రేపటికల్లా చెప్పాలె. కాదంటే ఆ పాపను వేరేవాళ్లకిస్తరు."

"ఇంకో డాక్టర్‌ను చూద్దాం ప్రేమ్."

"లక్డీకాపూల్‌ల మనం చూడని డాక్టర్ యాడున్నడు? దవాఖాన వాచ్‌మెన్లు గూడ నమస్తే పెడుతున్నరు."

స్టెఫీ నవ్వలేదు. "మన ఇంట్ల పుట్టాలె గదా," అంది, తొట్లె వైపే చూస్తూ.

ఉన్నట్టుండి తొట్లె ఆగింది. ఈగలన్నీ లేచి స్టేషన్ వైపు సాగాయి.

"ఏంది, ఇయ్యాల గింత జల్ది పోతున్నయ్?" అంది పోశవ్వ, బట్టలు మడతపెడుతూ.

స్టెఫీ చెప్పులేసుకుని వాటి వెంట పోయింది. ప్లాట్‌ఫాం మీద రైల్లోంచి మామిడి గంపలు దించుతున్నారు. ఒక గంపలోంచి పొడి లేని ఆడ ఈగ బయటికొచ్చింది. గులాబీ ఈగలు చుట్టూ మూగి, మధ్యలో దానికి చోటిచ్చాయి.

స్టెఫీ అక్కడే నిలబడిపోయింది. కంప్యూటర్ లెక్కలో బయటి నుంచి వచ్చేవాటి దగ్గర సున్నా పెట్టింది తనే. ఇక్కడ పుట్టినవే ఇక్కడివి అనుకుంది. ఎక్కడో పుట్టి, రైలెక్కి వచ్చి, ఈ ఊరివే అయిపోయేవి ఆమె లెక్కలోకి రానే లేదు.

ఫోన్ తీసింది. "ప్రేమ్, హోం వాళ్లకు ఔనని చెప్పు."

"ఏమైంది స్టెఫీ?"

"లెక్క తప్పింది. ఆఫీసుది, మనది గూడ."

ఇల్లు చేరేసరికి ఈగలు తనకంటే ముందే తాళ్ల మీద ఉన్నాయి. తొట్లెను ఊపడం లేదు. తాళ్లు బిగుసుకున్నాయి. ఖాళీ తొట్లె పసిబిడ్డ బరువంత కిందికి దిగి ఉంది.

"తలుపు చప్పుడు చెయ్యకు బిడ్డా," అంది పోశవ్వ, గొంతు తగ్గించి.