ఎవరి కోరిక ముందు

యూనివర్సిటీ దరఖాస్తులో కోర్సుల వరస పెట్టడానికి ఆ సాయంత్రమే ఆఖరి గడువు. మా ఇంట్లో కంప్యూటర్ లేదు. పెద్దనాన్న ఫర్నిచర్ షెడ్డులో ఉంది, బిల్లులు కొట్టడానికి. అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం అక్కడికే వెళ్లాం. రంపపు పొట్టు పడకుండా కీబోర్డు మీద కప్పిన పాత తువ్వాలు తీసి, అక్క దాని ముందు కూర్చుంది. అక్క అంటే పెద్దనాన్న కూతురు. షెడ్డు లెక్కలన్నీ చూసేది తనే. మేము ఇంకా పాలిష్ పెట్టని కుర్చీల్లో సర్దుకున్నాం. నాయనమ్మ మాత్రం ఎవరో ఆర్డరిచ్చిన సోఫాలో, ప్లాస్టిక్ కవరు మీదే కూర్చుంది. ఆవిడ కదిలినప్పుడల్లా అది గరగరమంటోంది.

ఐదు కోర్సులదాకా పెట్టుకోవచ్చు. నాకు కావలసింది ఒకటే, వాతావరణ శాస్త్రం. డైరీ రాసేముందు పేజీ పైన ఆ రోజు గాలి ఎటు వీచిందో, మబ్బు ఎలా ఉందో రాసుకోవడం నాకు అలవాటు. మబ్బుల గురించి కూడా చదువు ఉంటుందని ఊరి బడిలో సైన్సు టీచరమ్మ చెప్పినప్పటినుంచి నాకు వేరే ధ్యాస లేదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ వద్దనలేదు కూడా.

"సరే, వరసగా కొట్టవే," అన్నాడు పెద్దనాన్న. "ముందు మా అమ్మది."

"నర్సింగు," అంది నాయనమ్మ తడుముకోకుండా. "బీపీ చూపించుకోడానికి ఆ ఆసుపత్రి మెట్లు ఎక్కలేక చస్తున్నా."

"నీ బీపీ కోసం అది నాలుగేళ్లు చదవాలా నాయనమ్మా?" అంది అక్క.

"ఏం, నాలుగేళ్లు నేనుండనా ఏంటి?"

అక్క నవ్వుతూ నర్సింగు మొదట పెట్టింది. తర్వాత పెద్దనాన్న చెప్పిన కామర్స్. తర్వాత నాన్న వంతు. నాన్న ఆ షెడ్డులోనే పాలిష్ పని చేస్తాడు. "అన్నయ్య చెప్పిందే నాదీ," అన్నాడు.

"ఒరేయ్, అదొకసారి కొట్టాం కదరా. ఇంకోటి చెప్పు."

నాన్న కాసేపు వార్నిష్ మరకల చేతులు చూసుకుని, కంప్యూటర్లు అన్నాడు. అమ్మ టీచర్ ట్రైనింగ్ అంది. ఆఖరున నాది.

మా ఇంట్లో ఏదైనా అంతే. వడ్డనైనా, ఫోటోలో నిలబడడమైనా, ముందు పెద్దలు.

"పెద్దవాళ్ల మాట పైన ఉంటే అదో అండ," అన్నాడు పెద్దనాన్న. "పిల్లకి కావలసింది అడుగునున్నదేనని చూసేవాళ్లకి ఆ మాత్రం తెలీదూ?"

అలా తెలుసుకునేవాళ్లు ఎవరూ ఉండరు. నిబంధనలు నేను ముందే చదివాను. నర్సింగుకి నా మార్కులు కావలసినదానికన్నా ఎక్కువే. అది పైన ఉంటే అదే వచ్చి పడుతుంది.

ఆ మాట అక్క చెవిలో చెప్పాను. చిన్నప్పటినుంచి నా మాటలు ఇంట్లోవాళ్లకి అక్క ద్వారానే చేరతాయి. అందుకే తను నన్ను గుసగుస అని పిలుస్తుంది.

"నేనేమన్నా నీ మైకునా గుసగుసా?" అంది అక్క గొంతు తగ్గించి. "మా నాన్న నా మాట వింటే ఈ షెడ్డుకి ఎప్పుడో కొత్త రేకులు పడేవి. నువ్వే చెప్పు."

"పెద్దనాన్నా..." అన్నాను. గొంతు సవరించుకున్నాను.

"ఏంటమ్మా, దాహమా?"

అవునని తలూపాను. అమ్మ నీళ్లిచ్చింది. తాగాను.

అక్క తల కొట్టుకుంది. "ఇక నొక్కేస్తున్నా. నొక్కాక మార్చడం కుదరదు," అంది, నా వైపే చూస్తూ.

బడిలో కూడా నాకు నోరు పెగిలేది కాదు. పాఠం చదవమంటే మాత్రం ఆఖరి బెంచీదాకా వినబడేలా చదివేదాన్ని. రాసి ఉన్నది చదవడానికి నాకు భయం లేదు. లేచి నిలబడి, తెర మీద ఆ వరస కిందున్న నిబంధనని పాఠంలాగే చదివాను.

"వరసను పైనుంచి పరిశీలిస్తారు. అభ్యర్థి మార్కులు సరిపోయిన మొదటి కోర్సులోనే సీటు ఇస్తారు. దాని కింద ఉన్నవి రద్దవుతాయి."

సోఫా గరగర ఆగిపోయింది.

"అంటే?" అన్నాడు పెద్దనాన్న.

దానికి జవాబు తెర మీద లేదు.

"అంటే... నాకు నర్సింగు వస్తుంది పెద్దనాన్నా. నాది ఎవరూ చూడరు. నాది పైన పెట్టాలి."

"మా అందరికన్నా పైనా?"

"ఊఁ."

"అమ్మో, దీని నోట్లోనూ నాలుకుందే!" అంది నాయనమ్మ.

"చిన్నపిల్ల అన్నయ్యా, తెలీక ఏదో..." అని నాన్న లేవబోయాడు.

"తెలీకేంట్రా, చదివి చెప్తుంటే." పెద్దనాన్న కళ్లజోడు పెట్టుకుని వచ్చి, ఒక్కో మాట కింద వేలు జరుపుతూ తనూ చదివాడు. "అయితే వీళ్లకి పెద్దా చిన్నా లేదన్నమాట."

"నాది తీసేయండ్రా," అంది నాయనమ్మ. "మనసు లేని పిల్ల సూది పొడిస్తే ఉన్న బీపీ రెండింతలవుతుంది."

అక్క నర్సింగు తీసేసి, వాతావరణ శాస్త్రాన్ని పైకి తెచ్చింది. పెద్దనాన్న ఇంకా తెర ముందే నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడు నాదెక్కడుంది?"

"రెండోది," అంది అక్క.

"ఆ మొదటిది దీనికి రాకపోతే?"

"కామర్స్ వస్తుంది."

ఆయన నా వైపు తిరిగాడు. "నీకు లెక్కలు రాయడం ఇష్టమేనా?"

"లేదు పెద్దనాన్నా."

"మరి రెండోదిగా ఎందుకే అది, కిందికి దించు," అన్నాడు అక్కతో. కళ్లజోడు తీసి చొక్కాకి తుడుచుకుంటూ, "రెండోది నువ్వే చెప్పమ్మా," అన్నాడు నాతో.

"ఆలోచించుకోవాలి," అన్నాను.

"గడువు దాటకముందే ఆలోచించు," అంది నాయనమ్మ.

అక్క కోర్సుల జాబితా మళ్లీ మొదటినుంచి తెరిచింది. నేను నా కుర్చీ తన పక్కకి లాక్కున్నాను.