సీదాకూ ఉల్టాకూ నడుమ

నేనొక స్విచ్చును. లైటేసే, ఫ్యానేసే రకం అనుకునేరు, అది కాదు. ఇనుప డబ్బాల కూసొని మోటరును ముందుకూ వెనక్కూ తిప్పించే రకం. నా పిడికి మూడు జాగాలు: ఎడమకు సీదా, కుడికి ఉల్టా, నడుమ బంద్. ఆ నడుమ జాగా ఎందుకున్నదని అడిగినోళ్లు ఇప్పటిదాంక ఒక్కరు లేరు.

జహీరాబాదుల బాలమణికి చెరుకు రసం మిషనుండె. రోజుకు నాలుగైదుసార్లు రోలర్ల నడుమ చెరుకు ఇరుక్కునేది. ఆమె, ఆమె మొగడు నర్సింలు చక్రం పట్టుకొని ఆపసోపాలు పడేటోళ్లు. "ఉల్టా తిరిగేటట్టు చెయ్యి భాయ్, రెక్కలు పడిపోతున్నయ్" అని వైండింగ్ షాపు మొయిన్ భాయ్‌ని బతిమాలింది. ఆయన నన్ను తెచ్చి బిగించిండు.

పనోడే, కాదనను. మోటరుల రెండు కాయిళ్లుంటయి, రన్నింగు ఒకటి, స్టార్టింగు ఒకటి. స్టార్టింగు కాయిలు కొసలు రెండూ నాలోకి తెచ్చి, పిడి తిప్పితే తారుమారయ్యేటట్టు కట్టిండు. కానీ మోటరు వేగం అందుకోంగనే ఆ కాయిలు కరెంటు వదిలేసి పక్కకు తప్పుకుంటది. ఇగ అప్పుడు నన్ను ఉల్టా తిప్పినా ఒకటే, తిప్పకున్నా ఒకటే. మోటరు పూరాగ ఆగినంకనే నా మాట చెల్లుతది. "నడుమ ఆగాలె నర్సింలన్నా, మోటరు ఆగినంకనే తిప్పాలె" అని మూడుసార్లు చెప్పిండు మొయిన్ భాయ్. నర్సింలు సరే సరే అన్నడు గానీ చూపంత గిరాకీ దిక్కే.

తెల్లారి చెరుకు ఇరికింది. నర్సింలు ఒక్క దెబ్బల సీదా నుంచి ఉల్టాకు తిప్పిండు. పనిచేసింది! ఎందుకు చెయ్యదు? ఇరుక్కున్న చెరుకే మోటరును ఆపి పెట్టింది గదా. నెలంత అదే కథ. తిప్పినప్పుడల్లా పని అయింది, అయినప్పుడల్లా ఆయన చెయ్యి తప్పునే నేర్చుకున్నది. "మా ఆయనది ఒక్క దెబ్బనే!" అని బాలమణి గిరాకులకు చూపిచ్చి మురిసేది. నాకు నోరుంటే మొత్తుకోకపోదునా!

సంత రోజు, మిట్టమధ్యాహ్నం. బండి చుట్టూ జనం. బాలమణి పిప్పిని మడిచి, అల్లంముక్క పెట్టి రెండోసారి రోలర్లకు ఇచ్చింది. పిప్పితో పాటు వేళ్లు కూడ పోయినయి.

ఆమె అరిచిన అరుపుకు నర్సింలు ఎగిరి నా మీద పడ్డడు. ఒక్క దెబ్బల ఉల్టా. మోటరు ఆగలేదు, సీదానే తిరుగుతున్నది. చెరుకుకున్న బలం మనిషి చేతికేడిది? మళ్ల సీదా, మళ్ల ఉల్టా, మళ్ల సీదా. అయ్యో, నడుమ జాగా మీదికెల్లే పోతున్నడు, ఆగడే! ఆఖరుకు పక్కన పాన్‌డబ్బాయన ఉరికొచ్చి వైరు గుంజిపారేసిండు. అప్పటికే మణికట్టు దాంక అయిపోయింది.

నెల రోజులకు మొయిన్ భాయ్ వచ్చి నన్ను విప్పి, టెస్టు ల్యాంపు పెట్టి చూసిండు.

"స్విచ్చు మంచిగనే ఉన్నది" అన్నడు.

బాలమణి కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకొని మొగని దిక్కు చూసింది. "అయితే నువ్వు తిప్పనే లేదా?" అన్నది. నెల నుంచి లోపల పెట్టుకున్న మాట అది.

"తిప్పిన. నీ మీద ఒట్టు, తిప్పిన."

తిప్పిండు, నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు.

మొయిన్ భాయ్ గొంతు తగ్గించి అడిగిండు: "నడుమ ఆగినవా అన్నా?"

నర్సింలు ఆమె కట్టు దిక్కు చూసి వెక్కివెక్కి ఏడ్సిండు.

"అది మొత్తుకుంటుంటే నడుమ ఎట్ల ఆగుత భాయ్?"