కోడి మెడ తిప్పిన చెయ్యి

నా భార్య బ్రునిసెన్ చావును నేనెప్పుడూ నష్టం కింద చూడలేదు. గొర్రెల వ్యాపారిని. ఏది పోయింది, బదులుగా ఏది వచ్చిందన్నదే నా చూపు. ఆమె పోయేముందు అమేల్ వచ్చి, పరలోక ప్రార్థన చెప్పించి, తలమీద చెయ్యి పెట్టి దీక్ష ఇచ్చాడు. క్రీస్తు పేరున మా కొండల్లో దాక్కుని తిరిగే ‘మంచివాళ్ల’లో అతనొకడు. వాళ్లు మాంసం ముట్టరు, ఏ ప్రాణినీ చంపరు. దీక్ష చెడకూడదని ఆ తర్వాత బ్రునిసెన్ నీళ్లు తప్ప ఏమీ పుచ్చుకోలేదు. నేను జావ పట్టుకెళితే పెదవులు బిగించింది.

“ఇదే ఆఖరి ఒళ్లు, ఇజార్న్. ఇంక మళ్లీ పుట్టక్కర్లేదు,” అంది.

ఆకలితో పోయినా పైనున్న తండ్రి ఇంటికి చేరింది కదా, బేరం గిట్టిందనుకున్నాను.

ఉన్ని కత్తిరించే రోజుల్లో బావమరిది పోన్స్ పట్నం నుంచి వచ్చాడు. గాడిద దిగకుండానే అన్నాడు:

“బావా, అమేల్ కోడి మెడ తిప్పేశాడు.”

“ఎవరి కోడి?”

“మంచివాడో కాదో తేల్చుకోడానికి బిషప్పు మనుషులు పట్టుకుని చేతిలో పెట్టారు. చంపకపోతే మంటలో వేస్తామన్నారు. చంపి బయటపడ్డాడు. ఇప్పుడు పంది మాంసం కూడా లాగిస్తున్నాడట, దొర!”

నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. దీక్ష ఇచ్చినవాడు పాపంలో పడితే అతనిచ్చిన దీక్షలన్నీ చెల్లకుండా పోతాయి. బతికున్నవాళ్లు ఇంకొకరి దగ్గర మళ్లీ తీసుకోవచ్చు. చనిపోయిన బ్రునిసెన్ ఏం చేస్తుంది?

అమేల్ కింది ఊళ్లో తన అక్క ఇంటి పెరట్లో కూర్చుని ఉన్నాడు.

“తిట్టడానికొచ్చావా? చాలామంది వచ్చిపోయారు. నీ వంతు కానీ,” అన్నాడు.

“ఒక్కటి చెప్పు. మా ఆవిడ తలమీద పెట్టిన రోజున నీ చెయ్యి శుభ్రంగానే ఉందిగా? సరుకిచ్చిన నాడు బాగుంది. తర్వాత నీ కొట్టు తగలబడితే కొన్నవాడికేం?”

అతను అరచేత్తో నేల తట్టాడు.

“మనకైతే నీ మాట నిజమే. ఈ నేలనీ, ఒళ్లునీ చేసింది సైతాను. నిన్నా రేపూ కూడా వాడు చేసినవే. పైనున్న తండ్రికి అవి లేవు. అంతా ఒక్క చూపులో చూస్తాడు. నీ పెళ్లాం తలమీద నేను చెయ్యి పెట్టినప్పుడే, ఆయన కంటికి ఆ చేతిలో కోడి ఉంది.”

“దీక్షలు చెల్లవని తెలిసే చంపావా?”

“మంట దగ్గరికి ఈడ్చుకెళ్లారయ్యా. వేడి మొహానికి కొట్టింది. ఇంకేం గుర్తుంటుంది?”

“ఇప్పుడామె ఎక్కడుంది?”

“నీకు తెలీదా? ఒళ్లు వదిలిన ఆత్మని గాల్లో దయ్యాలు కాలుస్తాయి. తట్టుకోలేక ముందు దొరికిన కడుపులో దూరుతుంది. మనిషో, ఆవో, గొర్రో చూసుకోదు.”

“ఆమెకి దారేదో అడుగుతాను, ఇంకో మంచివాణ్ణి చూపించు.”

“ఎవరున్నారు? నేనే చివరివాణ్ణి.”

మర్నాడు కసాయివాడు గొర్రెపిల్లల కోసం వచ్చాడు. మాలాంటి మామూలు విశ్వాసులు మాంసం తినొచ్చు, అమ్మొచ్చు. ఆ పిల్లలన్నీ ఆమె పోయాక పుట్టినవే. పోన్స్ దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు:

“ఒకటి ఉంచేసుకుందాం బావా.”

“ఏది?”

నేను ఒక పిల్ల గడ్డం పట్టుకుని కళ్లలోకి చూశాను. అది పాలనుకుని నా వేలు చీకింది. ఇంకోదాన్ని చూశాను. అదీ చీకింది.

“ఏమయ్యా ఇజార్న్, పెళ్లిచూపులా?” అని కసాయి నవ్వాడు.

అన్నిటినీ ఉంచుకోవడానికి నా దగ్గర గడ్డి లేదు. దొడ్డి తడిక తీసి, కసాయికి దారిచ్చి పక్కకు నిలబడ్డాను.